పదకొండు నంబరు తీగలు

మళ్లీ టక్‌మన్నది. మూడో తీగ. గిటారు తల దగ్గరి మర తిప్పుతుంటే గాడిలోంచి మెల్లగా జారాలి కదా, జారదు, ఫొటోకు రమ్మంటే కుర్చీ వదలని పెళ్లిపెద్దలా బిగుసుకుని కూర్చుంటుంది, పోనీలే అని నేను చేయి తీసే వేళకు టక్‌మని ఒక్క దూకు దూకి నాకు కావలసిన శ్రుతిని దాటిపోతుంది. దాన్ని వెనక్కి తెస్తే ఆరోది పడిపోతుంది. ఆరోదాన్ని ఎత్తితే మూడోదీ నాలుగోదీ కలిసి దిగుతాయి, తోడికోడళ్లిద్దరూ అలిగి ఒకే ఆటో ఎక్కినట్టు. గోడ గడియారంలో మూడూ పది. నాలుగింటికి మెహ్రీన్ వస్తుంది. నాలుగంటే నాలుగే, గడియారం సెంటర్‌లో జాకెట్లు కుట్టే దుకాణం తనది, చెప్పిన రోజున చెప్పిన జాకెట్ చేతిలో పెట్టే దర్జీ నల్లగొండ మొత్తానికి తనొక్కతే అని పేరు. అంటే నాకున్నవి యాభై నిమిషాలు, ఆరు తీగలు, సహకరించని ఒక గిటారు, ముందు గదిలో సీరియల్ చూస్తూ మధ్యమధ్య నా వైపు చూస్తున్న మా అత్తమ్మ.

అందరికీ చెప్పిన మాట ఒకటే: లావు తీగలైతే శబ్దం బరువుగా వస్తుంది, అందుకే మార్చాను. మా ఆయనకు ఇదే చెప్పాను, అత్తమ్మకు ఇదే, మెహ్రీన్‌కూ ఇదే చెప్పబోతున్నాను. అసలు సంగతి ఏమిటంటే మెహ్రీన్ గొంతు రెండు మెట్లు కిందికి దిగింది, తనకు తెలియకుండా నేనూ రెండు మెట్లు దిగాలి. పోయిన ఏడు మెడలోంచి నిమ్మకాయంత గడ్డ తీశారు. దవాఖాన నుంచి వచ్చాక మూడు నెలలు గొంతులో ఊక పోసినట్టు మాట్లాడింది, తర్వాత మాట బాగైంది, పాట కూడా బాగైందనే తను అనుకుంటోంది, కింది మెట్ల మీద నిజంగానే బాగుంది, మునుపు లేని నిండుదనం ఏదో వచ్చింది, ఇత్తడి బిందెలో నీళ్లు పడుతున్నట్టు. పైకి పోయేసరికే చీలుతుంది. రేపు మా కాలేజీ పాత విద్యార్థినులంతా కలుస్తున్నారు, ఏర్పాట్లు చూసే నిరోష కార్డులో మా ఇద్దరి పేర్లు అచ్చు వేయించేసింది. మొన్న మెహ్రీన్ ఫోన్ చేసి అన్నది: “సుహా, శనారం నాలుగింటికొస్త. గొంతు లేస్తే ఐతారం పాడుత. లేకుంటే నిరోషకు చెప్పి నా పేరు తీసేపిస్త. ఇగ మల్ల పాటను ముట్టనే ముట్ట.” మెహ్రీన్ ముట్టనంటే ముట్టదు. ఇంటర్‌లో ఒకసారి ఎవరిమీదో కోపంతో వంకాయ ముట్టనన్నది, ఇరవై అయిదేళ్లుగా ప్రతి దావత్‌లో బగారా బైంగన్‌ను చూసి మొహం తిప్పుకుంటుంది. వంకాయ లేకుండా మనిషి బతుకుతుంది. పాట లేకుండా మెహ్రీన్ ఏం చేస్తుందో నాకు తెలుసు, ఆ మూడు నెలలూ చూశాను, మిషను ముందు కూర్చుని కుట్టిన జాకెట్‌ను విప్పి మళ్లీ కుట్టేది.

రేపు పాడేది ఒక్కటే పాట. డిగ్రీ రెండో సంవత్సరంలో నేను రాశాను, తను బాణీ కట్టింది, బస్టాండులో. తనది మోత్కూర్. శనివారం శనివారం తనను ఊరి బస్సు ఎక్కించడానికి నేనూ పోయేదాన్ని, ఆ బస్సు వచ్చేది కాదు, వచ్చేదాకా మేం పల్లీలు తినేవాళ్లం. “రాని బస్సుకు రంగెందుకే” అని మొదలవుతుంది, ఎర్ర రంగా పచ్చ రంగా అని నాలుగు చరణాలు కొట్టుకుని, ఆఖర్న “వచ్చెనే” అని ఒక్క మాట, నేల మీది నుంచి బస్సు టాపు మీదికి ఎక్కినట్టు ఎక్కుతుంది. ఆ మాట దగ్గర మెహ్రీన్ గొంతు ఎక్కితే బస్టాండులో నిద్రపోతున్న కండక్టర్లు లేచి కూర్చునేవారు. ఇప్పుడు సరిగ్గా అక్కడికి వచ్చేసరికే బస్సు చెడిపోతోంది. తను ఆగి, నీళ్లు తాగి, “దుమ్ము” అంటుంది. మా ఇంట్లో దుమ్ము! వారం వారం ఫ్యాను రెక్కలు తుడిచే ఇంట్లో! సరే దుమ్మే అన్నాను. నేను ఒప్పుకున్న పాపానికి అత్తమ్మ రెండు రోజులు చీపురు పట్టుకుని తిరిగింది.

పాత తీగలు తొమ్మిది నంబరువి, దారాల్లాంటివి. పోయిన నెల వాటినే దించి చూశాను. దించగానే తడిసిన పోగుల్లా వేలాడి, వేలు పెడితే ఎటో పోయి, మెట్లకు తగిలి జుయ్యిమని ఏడ్చాయి. “ఏందే, నీ గిటార్‌కు సర్దయ్యిందా?” అన్నది మెహ్రీన్. మర జారినట్టుంది అని వెంటనే బిగించేశాను. కింది శ్రుతిలో కూడా తీగ బిగువుగా నిలబడాలంటే లావుగా ఉండాలి, అంతే, ఇందులో పెద్ద విద్యేమీ లేదు, మా ఆయన కృష్ణకాంత్ ఆఫీసు పని మీద హైదరాబాద్ పోతుంటే చీటీ రాసిచ్చాను, ఎలక్ట్రిక్ గిటారు తీగలు, పదకొండు నంబరు అని. తెచ్చాడు, తప్పు పట్టను, సరైనవే తెచ్చాడు. “షాపాయన అడిగిండు, బాబు ఏం చదువుతుండని.” “నువ్వేమన్నవ్?” “ఇంటర్ అన్న.” ఇంటర్ అట. బీకాం ఫస్ట్ క్లాసును, పెళ్లీడుకు రాబోతున్న కూతురున్న దాన్ని! “నా భార్య వాయిస్తది అంటే ఏమైతుండె?” అంటే, “ఎందుకులే, నవ్వుతరు” అన్నాడు. వాళ్లు నవ్వకుండా ఉండడానికి నన్ను మీసాలు మొలిచే కొడుకును చేసి వచ్చాడు. అట్లాగని చెడ్డవాడా అంటే కాదు, ఈ గిటారు తెచ్చింది కూడా ఆయనే, డీజేల దెబ్బకు మూతపడ్డ పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా సామాను అమ్మకానికి పెడితే ప్లాస్టిక్ కుర్చీల కోసం పోయి ఇది ఎత్తుకొచ్చాడు, తెలంగాణ వచ్చిన మూడో ఏడు. కుర్చీలు మరిచిపోయాడు. ఇప్పటికీ నలుగురు చుట్టాలొస్తే ఇద్దరు మంచం మీదే కూర్చుంటారు.

తప్పు నాదే, ఒప్పుకుంటాను, ఎవరూ వినడం లేదు కనుక. పోచంపల్లిలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని. పడుగు అయిపోతే పాత పోగులను ఎవరూ ఒక్కసారిగా కోసి పారేయరు. వాటి కొసలు మగ్గంలోనే ఉంచి, కొత్త పోగును పాత పోగుకు ఒక్కొక్కటిగా, వేళ్లకు బూడిద అద్దుకుని మెలేసి అతుకుతారు, వేల పోగులు, రోజంతా, ఏదీ తెంచకుండా పాతదే కొత్తదాన్ని వెంటబెట్టుకుని లోపలికి తీసుకుపోతుంది. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని బూడిద గిన్నె పట్టుకున్నదాన్ని. అట్లాంటిదాన్ని, ఆరే కదా, వేలు కాదు కదా అని, ఇందాక కత్తెర తీసుకుని ఆరింటినీ వరసగా టింగు టింగుమని కోసేశాను. గిటారు వెనక పొట్టలో స్ప్రింగులుంటాయి, ముందు నుంచి తీగలు లాగుతాయి, నడుమ తీగలు పట్టుకునే ఇనుప బ్రిడ్జి ఈ రెండు పక్షాల మధ్య ఎటూ చెప్పని పెద్దమనిషిలా తేలుతూ ఉంటుంది. తీగలు తెగ్గానే స్ప్రింగులు గెలిచి దాన్ని గుంజేసుకున్నాయి. ఇప్పుడు లావు తీగలు ఎక్కించానా, ఇవి గెలిచి దాని తోక పైకి లేపాయి. ఒక తీగ బిగిస్తే బ్రిడ్జి వంగుతుంది, వంగితే మిగతా అయిదూ వదులవుతాయి. మా నాయిన లచ్చయ్య మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని అనేవాడు, “పోగును గుంజద్దు బిడ్డా, అడగాలె.” అడిగాను నాయినా. మూడో తీగను రెండుసార్లు అడిగాను. అది నీ కాలపు పోగు కాదు.

“ఏందే కోడలా అవి, బట్టలారేసే తీగల్లెక్కున్నయ్.” అత్తమ్మ. సీరియల్‌లో ప్రకటనలు వచ్చినట్టున్నాయి. సౌండు బరువుగొస్తది అత్తమ్మా అన్నాను. “బరువెందుకే? తేలిగ్గున్నప్పుడు మంచిగనే ఉండె గద.” నేను వినిపించుకోలేదు. మా అమ్మాయి వర్షిత బల్ల మీది పెన్సిల్ ముక్క తెచ్చి, తీగ జారే గాడిలో నల్లగా రుద్దాను. గంజి పట్టిన పోగు నున్నగా జారినట్టు ఇదీ జారుతుందని. జారింది, ఒకసారి. అత్తమ్మ గొంతు తగ్గించింది, తగ్గించానని అనుకుంది, వీధిలోకి వినపడేంతగా: “గా మెహ్రీన్ గొంతు ముదిరింది గద. మంచిగైంది. మునుపు చెవుల గుచ్చుతుండె.” నా చేతిలో మర ఆగిపోయింది. పదేళ్లుగా ఈ మనిషి మా పాట వినడం లేదనీ టీవీయే వింటోందనీ అనుకున్నాను. “అత్తమ్మా, నీకు దండం పెడుత, ఆమె ముందట అనకు.” “నేనెందుకంట? నాకేం పని?” అన్నది మా అత్తమ్మ గోపమ్మగారు. ఆవిడ ‘నాకేం పని’ అన్న పని ఇప్పటివరకు చేయకుండా వదిలిన దాఖలా లేదు. మూడూ ఇరవై రెండు.

ఇంత డొంకతిరుగుడెందుకు, నేరుగా చెప్పొచ్చు కదా అంటే, చెప్పాను. ఉగాదికి వారం ముందు. ఇదే గదిలో, ఇదే మంచం మీద. “ఒక రెండు మెట్లు దించుదమా మెహ్రీన్?” అన్నాను, ఉప్పు తక్కువైందా అన్నంత మామూలుగా. తను మిగిలిన చాయ్ తాగింది. లేచి వంటింట్లోకి పోయి గ్లాసు కడిగి బోర్లించింది. ఇరవై ఏళ్లలో మా ఇంట్లో ఒక్కనాడు గ్లాసు కడగలేదు తను, నేనూ వాళ్లింట్లో కడగలేదు. ఆ గ్లాసు బోర్లించిన చప్పుడు ఈ గదిదాకా వినపడింది. చెప్పులేసుకుని పోయింది, ఒకటి తనది, ఒకటి అత్తమ్మది. మర్నాడు అత్తమ్మ ఒక కాలికి ఎత్తు మడమతో గుడికి పోయి వచ్చి, దేవుడు తనను ఒక పక్కకు వంచి చూశాడన్నది. మెహ్రీన్ ఇరవై రోజులు మాట్లాడలేదు. కాలేజీలో ఎవరో పిల్ల శ్రుతి దించుకుని పాడితే, “అది పాటనా, బతిమిలాడుడు” అని అందరినీ నవ్వించింది తనే. ఇరవై ఏళ్ల వయసులో అన్న మాటలు మనుషులు ఎక్కడన్నా పారేసుకోవచ్చు కదా, పారేసుకోరు, జాకెట్ చంకలో దాచిన కుట్టులా అట్లాగే పెట్టుకుంటారు, వదులు చేయాల్సిన రోజు వచ్చినా విప్పరు.

ఎడమచేతి చూపుడువేలు కొసన చారలు పడ్డాయి. తొమ్మిది నంబరు మీద ఏళ్లుగా కాయకాచిన వేలు ఈ పదకొండు ముందు మళ్లీ మొదటి రోజు వేలైపోయింది, నొక్కితే తీగ నన్నే నొక్కుతోంది. అబ్బా అనబోయి ఊరుకున్నాను. అమ్మ గుర్తొచ్చింది. పోగులు కట్టి రంగులద్ది నేసే చిటికి చీరకు ముందు నూలును ఆసు పోయాలి, మేకులు కొట్టిన చట్రం మీద పోగును అటు వేసి ఇటు తెచ్చి, ఒక్క చీరకు కొన్ని వేలసార్లు చేయి చాచి ముడవాలి. రాత్రి అన్నం కలపడానికి చేయి లేచేది కాదు. నొస్తున్నదా అమ్మా అంటే, “నొస్తె చీర ఆగుతదా?” అనేది విసుగ్గా, నా మీద కాదు, చీర మీద. అప్పుడది త్యాగమనీ గొప్పదనీ వ్యాసం రాశాను బళ్లో, బహుమతి కూడా వచ్చింది, సబ్బుపెట్టె. ఇప్పుడు తెలుస్తోంది, గొప్పదనం కాదు, ఒట్టి విసుగు, విసుగులోనే చీర పూర్తయ్యేది. నాకు ఆరు తీగలకే కళ్లలో నీళ్లు. ఫోన్ మోగింది. కృష్ణకాంత్. “ఇగో, నేనొక వీడియో చూసిన. తీగలు ఒక్కొక్కటే మార్చాల్నట, అన్నీ ఒకసారి కొయ్యొద్దట.” ఎప్పుడు చూశావని అడిగాను. “ఇప్పుడే, చాయ్ తాగుకుంట.” మంచిది అన్నాను. “పనికొచ్చిందా?” చాలా అన్నాను.

ఈ బ్రిడ్జిని కదలకుండా కట్టేయాలి. మధ్యవర్తిత్వం చాలు, ఇక కూర్చోమనాలి. గిటారును బోర్లేసి వెనక మూత నాలుగు మరలూ విప్పాను, పొట్ట తెరుచుకుంది, లోపల స్ప్రింగులు, బ్రిడ్జి కింది ఇనుప దిమ్మ, ఆ దిమ్మకూ వెనక గోడకూ మధ్య వేలు పట్టేంత సందు. ఆ సందులో గట్టి కట్టె ముక్క దూరిస్తే దిమ్మ వెనక్కి పోలేదు, తోక లేవదు. కట్టె ముక్క. ఇంట్లో కట్టె అనేదే లేకుండా పోయింది, అన్నీ ప్లాస్టిక్కే. రోకలి ఉంది, దాన్ని కోస్తే అత్తమ్మ నన్ను కోస్తుంది. అట్లకాడ పిడి మెత్తన. సూదులూ దారాలూ పెట్టుకునే బిస్కెట్ డబ్బా తెరిచాను, ఎందుకు తెరిచానో డబ్బా తెరిచాక తెలిసింది. నాయిన నాడె. సగమే. పేక పోగును మోసుకుని పడుగు పోగుల సందున అటూ ఇటూ ఉరికి ఉరికి ఒకరోజు నడిమికి పగిలింది, రెండో సగం అమ్మ పొయ్యిలో పెట్టింది, ఈ సగం నేను తెచ్చుకున్నాను, కొసన ఇనుప ములికి, నడుమ నాయిన బొటనవేలు పట్టి పట్టి అద్దంలా నున్నబడ్డ జాగా. వెడల్పు కొంచెం ఎక్కువ. ఎంత ఎక్కువంటే, సరిగ్గా ఆ నున్నటి జాగా అంత. కాసేపు చూశాను. మూడూ ముప్పయి ఎనిమిది. ఇట్లాంటివి చూస్తూ కూర్చునే వయసూ సమయమూ రెండూ లేవు. పగిలిన మొన పక్క ముక్క కోసి, పెరట్లో షాబాదు బండ మీద నీళ్లు చల్లి రుద్దాను, నున్నటి వైపు కాదు, రెండో వైపే, అరగదీసి దూర్చి చూసి, పట్టక, మళ్లీ రుద్ది, మళ్లీ చూసి. మగ్గం కట్టె మగ్గం కట్టే, బండ అరిగింది గానీ అది అరగదు. తిట్టాను. నాయినను కాదు, కట్టెను. చివరికి సందులో పెట్టి పొత్రంతో ఒక దెబ్బ వేస్తే పట్టుకుంది, పంతం పట్టినట్టు.

ఆరోది తిప్పాను. మిగతావి కదల్లేదు. మూడోది తిప్పాను, టక్‌మన్నది కానీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆరింటినీ పాత శ్రుతికి రెండు మెట్లు కింద నిలబెట్టి, స్పీకర్ డబ్బాలో వైరు దూర్చి ఒక్కసారి అన్నిటినీ మీటాను. ఇల్లు నిండింది. నేను చెప్పిన అబద్ధం అబద్ధం కాకుండా పోయింది, శబ్దం నిజంగానే బరువుగా ఉంది. వెనక మూత పెట్టబోతే నాలుగు మరల్లో రెండు కనపడలేదు, మంచం కింద చేయి పెట్టి వెతుకుతుండగా గేటు చప్పుడు. నాలుగు. మూతను దిండు కిందికి తోసి కూర్చున్నాను.

మెహ్రీన్ దుపట్టా కొంగు మెడ చుట్టూ తిప్పుకుని ఉంది, ఏడాదిగా ఎండాకాలం కూడా అంతే. అత్తమ్మకు సలాం చెప్పింది, “మంచిగున్నవా బిడ్డా” అంటే మంచిగున్న అవ్వా అన్నది, నా ఎదురుగా కూర్చుని తీగల మీద గోరు ఆనించింది. “ఏందే, ఇంత లావు?” “వయసొస్తున్నది గద మెహ్రీన్, తీగలకు గూడ.” నవ్వలేదు. భయంగా ఉంది తనకు, బ్యాగు ఒళ్లోంచి దించలేదు, గొంతు లేవకపోతే అట్లాగే లేచి పోవడానికి. నేను ఎత్తుకున్నాను. తను కళ్లు మూసుకుంది. రాని బస్సుకు రంగెందుకే. మొదటి చరణం, ఎర్ర రంగు. రెండోది. నా వేలు మండుతోంది, మూడో తీగ ఏ క్షణాన ఏం చేస్తుందో తెలియదు, నాడె ముక్క జారితే బ్రిడ్జి లేస్తుంది, లేస్తే అన్నీ పోతాయి, నాయినా పట్టుకో, ఇన్నాళ్లకు నీతో ఒక పని పడింది, మూడో చరణం, నాలుగోది, గొంతు కింది మెట్ల మీద నిదానంగా నడుస్తోంది, ఇప్పుడు ఎక్కాలి, ఇప్పుడే, నేను పాటను వదిలేసి తన మెడ దగ్గర దుపట్టానే చూస్తున్నాను, “వచ్చెనే”. ఎక్కింది. కొంచెం గీరుకుంటూ, టాపు అంచు పట్టుకుని, కానీ ఎక్కింది, చీలలేదు, చివరిదాకా నిలబడింది. తను కళ్లు తెరిచింది. గదిలో తీగల మోత ఇంకా ఉంది. నేను ఊపిరి వదలబోయాను.

“ఇగో, ఇప్పుడు మంచిగున్నది బిడ్డా” అన్నది ముందు గదిలోంచి మా అత్తమ్మ, టీవీ గొంతు తగ్గించి మరీ. “మునుపు చెవుల గుచ్చుతుండె. ఇప్పుడు కడుపుల నుంచొస్తున్నది.”

మెహ్రీన్ నన్ను చూసింది. తీగలను చూసింది. దిండు కింది నుంచి బయటికొచ్చిన ప్లాస్టిక్ మూతను చూసింది. ఇరవై ఏళ్లు జాకెట్ల కొలతలు తీసిన కళ్లు, రెండు మెట్లు ఎంతో వాటికి తెలియకపోవు. బ్యాగు పట్టీ బిగించి పట్టుకుంది. వంటింట్లో బోర్లించిన గ్లాసు చప్పుడు నాకు మళ్లీ వినపడింది.

“నీ గిటార్‌కు గూడ ఆపరేషన్ చేపిచ్చినవా?”

గిటారును ఒళ్లోకి ఇంకొంచెం లాక్కున్నాను.

“కుట్లు సూపియ్.”

తిప్పి చూపించాను. తెరిచిన పొట్ట, స్ప్రింగులు, సందులో ఇరుక్కుని నున్నగా మెరుస్తున్న కట్టె ముక్క. “ఇదేంది?” “మా నాయిన నాడె.” వేలితో ముట్టింది. చాలాసేపు వేలు తీయలేదు. తర్వాత బ్యాగు కింద పెట్టింది, మెడ చుట్టూ ఉన్న దుపట్టా విప్పి మంచం కోడు మీద వేసి, “ఉక్కపోస్తున్నదే నీ ఇంట్ల” అన్నది. మెడ మీద గీత ఉంది, సన్నగా, మంచి దర్జీ వేసిన కుట్టులా.

“దించినదానివి సక్కగ దించరాదె సుహా. అరకొర దించి నా పానం తీసినవ్. ఇంకో మెట్టు దించు. ‘వచ్చెనే’ కాడ నేను టాపు మీదికి ఎందుకెక్కాలె? సీట్ల కూసొని పోత.”

ఇంకో మెట్టు! యాభై నిమిషాలు, వేలు కొసలు, మా నాయిన నాడె, రెండు మరలు మంచం కింద, ఆరు తీగలూ ఇప్పుడే కదా నిలబడ్డాయి. ఉగాదికి ముందు ఈ ఒక్క ముక్క అని ఉంటే! “ముందుగాల చాయ్ పెట్టు” అన్నది మెహ్రీన్. “గ్లాసు నువ్వే కడుగు.” నేను చాయ్ పెట్టలేదు. మర మీద చేయి వేసి మూడో తీగను వెనక్కి తిప్పాను. జారలేదు. ఇంకొంచెం తిప్పాను. అక్కడే కూర్చుంది. మెహ్రీన్ నా పక్కకు జరిగి, తనూ దాని మీదికి వంగింది, అది టక్‌మనే దాకా ఇద్దరం అట్లాగే కూర్చున్నాం, మోత్కూర్ బస్సు కోసం కూర్చున్నట్టు.